ఉత్తుత్తి వరుసలో లేని పైడయ్య

పైడయ్యకు ఉన్నది ఒకటే జబ్బు. వరుస కనబడితే చాలు, అందులో నిలబడిపోతాడు. తీరా తన వంతు వచ్చేసరికి మళ్లీ చివరికి వెళ్లిపోతాడు. పోర్టులో కళాసీగా రిటైరయ్యాక రేషన్ షాపు, సినిమా హాలు, బస్టాపు దేన్నీ వదల్లేదు. ఒక పెళ్లిలో అక్షింతలు వేసే వరుసలో నాలుగుసార్లు తిరిగితే, పెళ్లికూతురి తండ్రి అనుమానపడి కానుకల దగ్గర మనిషిని కాపలా పెట్టాడు.

పంతొమ్మిది వందల ఎనభై ఆరులో ఉక్కునగరం దారిలో ఉన్న వైద్య పరీక్షల కేంద్రానికి తగులుకున్నాడు. అక్కడే జగ్గారావు కంట్లో పడ్డాడు. జగ్గారావు కంప్యూటర్ ఇంజనీరు. పరీక్షలకొచ్చే జనం పడిగాపులు తగ్గించమని పైవాళ్లు ఆయనకు మూడు నెలల గడువిచ్చారు. ఆయన కంప్యూటర్లో ఉత్తుత్తి జనాన్ని పుట్టించి, ఉత్తుత్తి వరుసలో నిలబెట్టి, ఎవరిని ఏ గదికి ముందు పంపితే మనిషికి సగటున ఎంతసేపు కలిసొస్తుందో చూసేవాడు. ఉత్తుత్తి జనం బుద్ధిమంతులు. అసలు జనంలోనే పైడయ్య ఉన్నాడు.

"ఆరింటికొచ్చావు, పన్నెండయింది. ఏ పరీక్షకయ్యా?"

"ఏటీ లేదు బాబూ. నాను ఊరికే నిలబడతన్నాను."

"నీ ఒక్కడి వల్ల నా సగటు పాడైపోతోంది!"

"అయ్యయ్యో! డాక్టరుగారికి సూపించుకోండి బాబూ."

వరుసంతా ఘొల్లుమంది. జగ్గారావుకు ఒళ్లు మండిపోయి, వాచ్‌మన్ వరహాలు చేత ముసలాయన్ని గేటు బయటికి గెంటించాడు. పైడయ్య తువ్వాలు దులుపుకుని, గేటవతల కాసేపు ఒక్కడే వరుసగా నిలబడి వెళ్లిపోయాడు.

మర్నాడు పడిగాపుల సగటు ముచ్చటగా దిగింది. జగ్గారావు కాగితం చూసుకుని మురిసిపోతుండగానే గురువమ్మ అనే ఆమె వరుసలో దబ్బున పడిపోయింది. సుగరు మనిషి. రక్త పరీక్షకని పరగడుపున వచ్చి మూడు గంటలుగా నిలబడి ఉంది.

తేరుకోగానే ఆమె అడిగిన మొదటి మాట, "మా పైడయ్యన్నేడి? తెల్లారగట్టే వచ్చి ముందు నిలబడీవోడు. నానొత్తే తన సోటు నాకిచ్చేసి ఎనక్కెల్లిపోయీవోడు. మొన్న కడుపుతోటున్న పిల్లకీ అలాగే ఇచ్చాడు."

జగ్గారావుకు తల కొట్టేసినట్టయింది. వేలమంది ఉత్తుత్తి మనుషులను పుట్టించాడు గాని, ఒక్కరికీ ఆకలి పెట్టలేదు. ఆ పూటే పరగడుపువాళ్లకు మొదటి పిలుపు అని ప్రోగ్రాం మార్చాడు. సిగ్గు మాత్రం ఏ ప్రోగ్రాంతోనూ తగ్గలేదు. వెతుక్కుంటూ వెళ్తే కిరసనాయిలు వరుసలో కనబడ్డాడు పైడయ్య.

"రండి బాబూ, నా ముందు నిలబడండి."

"కిరసనాయిలుకు కాదయ్యా. నీకు తలెత్తి మొహం చూపించలేకపోతున్నాను. తప్పయిపోయింది, క్షమించమని అడగడానికొచ్చాను."

పైడయ్య ఆయన భుజం మీంచి వెనక్కి తొంగి చూశాడు. అక్కడ వాచ్‌మన్ వరహాలు టోపీ చేత్తో పట్టుకుని, నేల చూపులు చూస్తూ నిలబడి ఉన్నాడు.

"బేగి అడిగేసి ముందుకెల్లండి బాబూ," అన్నాడు పైడయ్య. "ఎనకాల వరహాలు కూడా అదే పని మీదొచ్చినట్టున్నాడు."