యాష్ చెట్టుకు కట్టిన పీలికలు

డీలియా మారినన్ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఐర్లండులో క్లేర్ సముద్రపుటొడ్డున మా ఊళ్ళో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. నా పేరు మే, వ్యానులో ఇల్లిల్లూ తిరిగి గుడ్లు అమ్ముకునేదాన్ని. వారానికోసారి ఆమె వంటగదిలో టీ తాగేదాన్ని. ఏదో ఒకదాని మీద తగువు పడకుండా మా కప్పులు ఖాళీ అయ్యేవి కావు. నాకూ నోరెక్కువే.

మా ఊళ్ళో ఒక పునీతురాలి పేరున పవిత్రమైన బావి ఉంది, దాన్ని చూసుకోవడం ఆమె పని. జీతం లేదు, చెయ్యమని అడిగినవాళ్ళూ లేరు. అంతకుముందు వాళ్ళ అత్త చూసుకునేది, ఆమె పోయాక డీలియా చీపురు అందుకుంది. ఆకులు ఊడ్చేది, మెట్ల మీద నాచు గీకేది, కొవ్వొత్తి పెట్టేది. బావి మీదికి వంగి ఒక ముసలి యాష్ చెట్టు ఉంది. ఊళ్ళో మిగతా యాష్ చెట్లన్నీ నరికించుకుని హర్లింగ్ అనే మా బంతాటకు కర్రలవుతాయి. దీన్ని మాత్రం ఎవరూ ముట్టరు. ఒక చలికాలం గాలివానకు దాని పెద్ద కొమ్మ విరిగి బావి పక్కనున్న డీలియా పొలం గోడ మీదే పడింది. భర్త దగ్గుతూ మంచాన ఉన్నాడు, పొయ్యిలోకి పుల్ల లేదు. అయినా ఆ కొమ్మను కాల్చలేదు. అది కుళ్ళి మట్టిలో కలిసేదాకా పక్కనుంచి తప్పుకుని నడిచింది.

"పిచ్చి ముదిరిందే నీకు," అన్నాను.

"నీ గుడ్లేవో నువ్వు చూసుకో, మే," అంది.

ఆ చెట్టుకు పీలికలు కడతారు. జబ్బు మనిషి బట్ట చింపి, బావి నీళ్ళలో తడిపి, కొమ్మకు ముడి వేస్తారు. పీలిక కుళ్ళేకొద్దీ ఒంట్లో జబ్బు పోతుందని నమ్మకం. కట్టినదాన్ని విప్పకూడదు. విప్పితే ఆ జబ్బు విప్పినవాళ్ళకు వస్తుంది. ఏప్రిల్లో పునీతురాలి పండుగనాడు బావినీ చెట్టునూ కలిపి వట్టికాళ్ళతో ఏడు చుట్లు తిరగాలి. మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు. ఆపితే పోవలసిన జబ్బు తిరగబడుతుందంటారు.

డీలియా కొడుకు సెనన్ చేపల ఓడ మీద పని చేసేవాడు, నెలలో సగం సముద్రంలోనే. కోడలు ఐలీష్ చేపల ఫ్యాక్టరీలో. వాళ్ళకు ఒక్కతే పిల్ల, ఊనా, ఏడేళ్ళది. వేసవిలో మేకపిల్లలా గెంతేది. వసంతం రాగానే ఊపిరి అందక పిల్లిలా గురగురమనేది. డీలియాకు ఆ పిల్ల మీదే పంచప్రాణాలు. ప్రతి ఏప్రిల్లో దాని గౌను చింపి చెట్టుకు కట్టి, చెయ్యి పట్టుకుని చుట్లు తిప్పేది. వాన పడిన ఏడు పిల్ల హాయిగా ఊపిరి తీసుకుంది, పునీతురాలు కరుణించిందన్నారు. ఎండ కాసిన ఏడు ఎగరొప్పింది, మన భక్తి చాలలేదన్నారు. తప్పు మనుషులదే గాని చెట్టుదని ఎవరికి తడుతుంది?

"పోయినేటి పీలిక ఇంకా అట్లాగే ఉంది," అని డీలియా ఒకసారి కోడలిని నిలదీసింది. "ఆ నైలాన్ గౌను ఎవరు కొన్నారే? లోకం అంతమైనా కుళ్ళదది."

"నేనే కొన్నాను, అత్తయ్యా. తొందరగా ఆరుతుందని."

"మరి జబ్బెట్లా పోతుంది?"

ఆ ఏడు మార్చిలో ఐలీష్ పిల్లను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ ఒంటికి ఏది పడదో చూడ్డానికి ముంజేతి మీద వరసగా చుక్కలు వేసి సూదితో గీరారట. గడ్డి పుప్పొడికి ఏమీ కాలేదు, పిల్లి బొచ్చుకు ఏమీ కాలేదు. యాష్ పుప్పొడి వేసినచోట మాత్రం బఠాణీ గింజంత దద్దురు లేచింది. ఐలీష్ వచ్చి ఈ సంగతి చెప్పినప్పుడు నేను టీ తాగుతున్నాను.

"యాష్ చెట్టుకు పువ్వులెక్కడివే? నేనెప్పుడూ చూళ్ళేదు," అంది డీలియా.

"ఆకు రాకముందు ఊదారంగు కుచ్చులు వస్తాయి కదా, అవే పువ్వులు. ఎండలో గాలి వీస్తే పుప్పొడి రాలుద్ది."

"పెళ్ళైన కాణ్ణుంచీ దాని కిందే తిరుగుతున్నా. నాకేం కాలేదే."

"మీకు పడుద్ది, దానికి పడదు. నాకు రొయ్యలు పడవు, మీరు గంపెడు తింటారు."

నేను నవ్వాను. డీలియా చూసిన చూపుకు కప్పులోకి తల దించుకున్నాను.

"పండక్కి పిల్లని అక్కడికి తీసుకెళ్ళకండి. మీకు దణ్ణం పెడతా," అంది ఐలీష్. "ఈసారి ఆయాసం గట్టిగా వస్తే చాలా ప్రమాదమన్నారు."

"సర్లే," అంది డీలియా కెటిల్ వైపు తిరిగి. అది మాట ఇవ్వడమో, మాట తప్పించుకోవడమో తేలలేదు.

పండుగనాడు ఆకాశంలో మబ్బు తునక లేదు. తూర్పుగాలి పొడిగా వీస్తోంది. ఐలీష్‌కు ఫ్యాక్టరీలో పని. నేను వ్యాను రోడ్డు పక్కన పెట్టి బావి దగ్గరికి దిగేసరికి, డీలియా వట్టికాళ్ళతో నడుస్తోంది. చేతిలో ఊనా చెయ్యి. కొమ్మకు కొత్త నూలు పీలిక, ఇంకా నీళ్ళు కారుతూ ఉంది.

"కోడలు వద్దంది కదే," అన్నాను, పక్కన నడుస్తూ.

"ఈసారి నూలుబట్ట కట్టాను. ఈ ఒక్కసారితో చాలు," అని జపమాల తిప్పుకుంటూ సాగింది.

నాలుగో చుట్టులో పిల్ల దగ్గింది. అయిదో చుట్టులో దాని భుజాలు చెవులదాకా లేచి దిగుతున్నాయి. నాకు ఆ గురగుర వినిపిస్తోంది.

"జబ్బు కదులుతోంది," అంది వెనక నడుస్తున్న ఒకామె, ఎంతో నమ్మకంగా. "ఆపకు, డీలియా. ఇప్పుడాపితే తిరగబడుద్ది."

"పిల్ల మందేది? ఆ ఇన్‌హేలర్?" అన్నాను.

"ఇంట్లో ఉంది. పునీతురాలి దగ్గరికి మందు పట్టుకొస్తే నమ్మకం లేనట్టు కాదా?" అంది డీలియా. కానీ ఆమె ముఖంలో నెత్తురు లేదు.

ఆరో చుట్టు పూర్తయింది. ఊనా ఏడవడం కూడా మానేసింది. ఏడవడానికి ఊపిరి లేదు. పెదవులు నీలంగా ఉన్నాయి. "నానమ్మా," అనబోయింది, సగమే వచ్చింది.

"ఒక్క చుట్టేగా, కానియ్యి," అన్నారు వెనకనుంచి.

డీలియా ఆగింది. చెట్టు వైపు చూసింది, పిల్ల వైపు చూసింది. ఆ కాస్తసేపూ నాకు ఆమె జుట్టు పట్టుకుని ఈడ్వాలనిపించింది. అవసరం రాలేదు. జపమాల నేల మీద పడేసి, పిల్లను ఎత్తుకుని, ఆ రాళ్ళ మీద వట్టికాళ్ళతో నా వ్యాను వైపు పరుగెత్తింది. ఇన్‌హేలర్ ఉన్న డీలియా ఇల్లు గుట్ట మీద, దానికన్నా నర్సు ఇల్లే దగ్గర. ఆ దారిలో గుడ్లు ఎన్ని పగిలాయో నాకు తెలియదు.

నర్సు పిల్లను లోపలికి తీసుకుంది, సూది వేసింది, ముఖానికి మాస్కు తగిలించి మందు పట్టింది. డీలియా ముఖం మీద తలుపు మూసేసింది. మేమిద్దరం బయట బల్ల మీద కూర్చున్నాం. చాలాసేపటికి నర్సు తల బయటపెట్టి, "ఊపిరి అందుతోంది. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేదాన్ని. అంబులెన్సు వస్తుంది," అంది.

డీలియా లేచి చెప్పుల్లేని కాళ్ళతోనే బయటికి నడిచింది. నేను వెంటపడ్డాను. తిన్నగా బావి దగ్గరికే వెళ్ళింది. అక్కడింకా జనం ఉన్నారు. ఆమె మెట్టెక్కి, కొమ్మ వంచి, ఊనా కొత్త పీలిక ముడి విప్పింది.

చుట్లు తిరిగేవాళ్ళు నిలబడిపోయారు. "డీలియా, నీకు మతి పోయిందా? విప్పితే నీకొస్తుంది," అన్నారెవరో.

"నాకు తెలీదా? మీ అందరికీ చెప్పిందే నేను," అంది.

ఊనా పాత పీలికల్లో కుళ్ళగా మిగిలిన పోగులను గోటితో గీకి తీసింది. నైలాన్ ముడి బిగుసుకుపోయి రాలేదు. పళ్ళతో పట్టి లాగింది. దాన్ని, కొత్త పీలికను కలిపి తన ముంజేతికి కట్టుకుని, గట్టిగా రెండు ముళ్ళు వేసింది. చెట్టును ఒక్క మాట అనలేదు. నేనైతే నానా తిట్లూ తిట్టేదాన్ని.

మేము నర్సు ఇంటికి తిరిగొచ్చేసరికి అంబులెన్సు ఇంకా రాలేదు గాని, కబురందిన ఐలీష్ వచ్చి ఉంది. రబ్బరు ఏప్రను మీద చేప పొలుసులు అట్లాగే ఉన్నాయి. ఊనా ఆమె ఒళ్ళో నిద్రపోతోంది, ఊపిరి మెల్లగా ఆడుతోంది. ఐలీష్ అత్తను చూసి అనవలసిన మాటలన్నీ అనడానికి నోరు తెరిచింది. అంతలో ఆ చేతి మీది పీలికలు కనబడ్డాయి. మా ఊళ్ళో పుట్టిన పిల్లే, అదేమిటో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఇవన్నీ ఉత్తివి, అత్తయ్యా. తీసెయ్యండి," అంది. చెయ్యి చాచి ముడి పట్టుకోబోయింది.

డీలియా చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నువ్వు ముట్టుకోకే," అంది. "పిల్లకి అమ్మ కావాలి."