పెద్దన్న పెట్టిన గడపలు

నలభై రెండేళ్ల బేల్దారి జీవితంలో పెద్దన్న గడప లేని ద్వారం పెట్టలేదు. పెట్టమని అడిగినవాళ్లూ లేరు, గోదాములకు షట్టర్లు వేయించుకున్నవాళ్లు తప్ప. షట్టరును ఆయన ద్వారం కింద జమకట్టడు.

కల్లూరులో ఆయనకు మట్టిమిద్దెల బేల్దారి అని పేరు. పేరుంది గానీ పని లేదు. రాతిగోడలు కట్టి, దూలాల మీద నాపరాళ్లు పరిచి, పైన చవుడు మట్టి తొక్కించే మిద్దెలను జనం వదిలేసి ముప్పై ఏళ్లయింది. అందరూ సిమెంటు స్లాబు వేసుకుని, ఎండాకాలం దాని కింద ఉడికిపోయి, ఏసీ కొనుక్కుని, కరెంటు పోయినప్పుడు వాకిట్లోకి వచ్చి ప్రభుత్వాన్ని తిట్టుకుంటూ సుఖంగా ఉన్నారు. పెద్దన్న బాత్రూములకు టైల్సు అతికించి బతికాడు.

అటువంటి మనిషిని పిలిచి, ఊరి చివర పదహారు గదుల వృద్ధాశ్రమం మట్టిమిద్దెతో కట్టాలన్నారు. కట్టించేది కన్యకమ్మ. కోయిలకుంట్లలో తరాలుగా కిరాణా వ్యాపారం చేసిన కుటుంబం ఆమెది. ప్లాను గీసింది శ్రీవిద్య అనే ఆర్కిటెక్టు, కర్నూలు పిల్లే. మందపాటి రాతిగోడలు, చవుడు మిద్దె, వేడిగాలి పైకి పోవడానికి గదికొక గవాక్షి. ఇట్లా కడితే మే నెలలో కూడా ఏసీ అక్కర్లేదని ఆమె వివరించింది. తన తాత ఎప్పుడో చెప్పిన మాటే ఈ పిల్లకు కంప్యూటరు చెప్పిందని తెలిసి పెద్దన్న ఆశ్చర్యపోయాడు. సంతోషమూ పట్టలేకపోయాడు.

ఆ సంతోషానికి ఇంకో కారణం అక్క హులిగెమ్మ. ఆమెకు డెబ్బై నాలుగేళ్లు. మొగుడు పోయినప్పటి నుంచి తమ్ముడి ఇంట్లోనే ఉంది. మూడేళ్ల కిందట బోరింగు దగ్గర జారిపడి తుంటి విరిగింది. ఆపరేషనయింది, ఎముక అతుక్కుంది, డాక్టరు నడవమన్నాడు. అయినా ఆమె తప్పనిసరైతే తప్ప వెనక గదిలోంచి కదలడం లేదు. మనిషి దిగులులో పడిందని, తోటి ముసలివాళ్ల మధ్య ఉంటే కోలుకుంటుందని పెద్దన్న నమ్మాడు. ఆశ్రమంలో తొమ్మిదో నంబరు గది అక్కకే ఇవ్వాలని కన్యకమ్మ దగ్గర మాట తీసుకున్నాడు.

గోడలు లేచేవరకు ఏ పేచీ లేదు. ద్వారాల దగ్గర వచ్చింది.

"గడపలు వద్దు పెద్దన్నా. నేలంతా ఒకే మట్టంగా ఉండాలి," అంది శ్రీవిద్య.

"గడప లేకుంటే అది ఇల్లెట్లయితాది మేడమ్? పసుపు యాడ పూస్తారు?"

"పెద్దవాళ్లు తట్టుకుని పడతారు కదా."

"మాయమ్మ తొంభై ఏండ్లు బతికింది. ఒక్కనాడన్నా తట్టుకొని పడలే."

ఆ తర్వాత శ్రీవిద్య వేరే పని మీద వారం రోజులు హైదరాబాదు వెళ్లింది. తిరిగి వచ్చేసరికి పదహారు ద్వారాలకు పదహారు నల్లరాతి గడపలు, నాలుగేసి అంగుళాల ఎత్తున కూర్చుని ఉన్నాయి. పక్కన పెద్దన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తప్పు చేసిన మొహం కాదది, పరీక్ష బాగా రాసిన మొహం.

శ్రీవిద్య గట్టిగానే అరిచింది. కన్యకమ్మ మాత్రం పెద్దన్న పక్షాన చేరింది. "లక్ష్మి వచ్చే దారి కదమ్మా, బోడిగా ఎట్ల వదిలిపెడతాం?" అంది. చివరికి శ్రీవిద్య విసిగిపోయి, ఇక్కడ ఉండబోయే వాళ్లనే అడుగుదామని, వాళ్లు వద్దంటే తీసేయాలని షరతు పెట్టింది.

"మా అక్కను పిల్చుకొస్తా," అన్నాడు పెద్దన్న. సాక్షి సొంత ఇంట్లోనే ఉండగా ఆయనకు భయమేముంది?

మరునాడు హులిగెమ్మను షేర్ ఆటోలో, ముగ్గురు కూర్చునే సీటు ఒక్కదానికే ఇప్పించి తీసుకొచ్చాడు. ఆమె వాకరు పట్టుకుని మెల్లగా తొమ్మిదో నంబరు గది ముందుకు వచ్చింది.

"అవ్వా, గడప ఉండాలా, వద్దా?" అని అడిగింది శ్రీవిద్య.

"ఏం మాటమ్మా అది! గడప లేని ఇంట్లోకి ఎవురన్నా పోతారా? ఉండాల్సిందే," అంది హులిగెమ్మ.

పెద్దన్న శ్రీవిద్య వంక చూడలేదు. గెలిచినప్పుడు అవతలివాళ్ల మొహం చూడకపోవడం ఆయన మర్యాద.

"అయితే లోపలికి పోయి రూము చూడుక్కా," అన్నాడు.

హులిగెమ్మ వాకరు పక్కన పెట్టింది. ద్వారబంధం పట్టుకుని, మూలుగుతూ గడప ముందు నేల మీద కూర్చుంది. గడపను తాకి కళ్లకద్దుకుంది. కుడికాలిని రెండు చేతులతో ఎత్తి గడప అవతల పెట్టింది. కాసేపు ఆయాసం తీర్చుకుని ఎడమకాలిని కూడా అట్లాగే పెట్టింది. గడప మీద కూర్చోకూడదు గనుక, అరచేతులు నేలకు ఆనించి, ఒళ్లంతా దాని మీదుగా లోపలికి జరుపుకుంది. ఇదంతా చెప్పులు విడిచినంత మామూలుగా చేసింది.

"ఏందక్కా ఇది?" అన్నాడు పెద్దన్న.

"కాలు పైకి లేయదు కదప్పా. ఇంట్లో దినామూ ఇంతే. ఈదిలోకి రావాలంటే అయిదు గడపలు, మళ్ల లోపలికి పోవాలంటే అయిదు. అందుకే యాడికీ రాను." తమ్ముడు నొచ్చుకున్నాడేమోనని, "గడపలు మాత్రం శానా బాగ పెట్టినావు," అని కూడా అంది.

పెద్దన్న పొద్దున్నే పనికి పోయి దీపాలు పెట్టాక ఇల్లు చేరే మనిషి. అక్క గడప దాటడం ఆయన మూడేళ్లలో ఒక్కసారీ చూడలేదు. ఆ పొద్దున కూడా ఆయన ఆటో పిలుచుకొచ్చేసరికే ఆమె వాకిట్లోకి వచ్చి కూర్చుని ఉంది. భార్య చూసింది గానీ, అది చెప్పాల్సిన సంగతని ఆమెకు తోచలేదు. ఆ అయిదు గడపలూ తన పెళ్లయిన ఏడాది తన చేత్తో చెక్కి పెట్టినవి. పెద్దన్నకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

మర్నాడు ఆయన ఆశ్రమానికి రాలేదు. ఉలి, సుత్తె తీసుకుని వెనక గది నుంచి మొదలుపెట్టి, ఇంట్లో అయిదు గడపలనూ నేల మట్టానికి చెక్కేశాడు. రాయి ద్వారంలోనే ఉంది, ఎత్తు పోయింది. రెండు రోజుల పనికి రెండు రోజులూ హులిగెమ్మ మంచం మీంచి తిట్టింది. మూడోనాడు భార్య ఆ రాళ్లకే పసుపు పూసి బొట్లు పెట్టింది.

ఆశ్రమంలో పదహారింటినీ అట్లాగే చెక్కాడు. నేల మట్టంగా ఉందో లేదో శ్రీవిద్య చూసుకుంది, రాయి ఉందో లేదో కన్యకమ్మ చూసుకుంది. ఇద్దరూ సరేనన్నారు.

ఒక మధ్యాహ్నం చవుడు మట్టి ట్రాక్టరు రాక పని ఆగిపోతే, పెద్దన్న అన్నానికి ఇంటికొచ్చాడు. వెనక గదిలో మంచం ఖాళీగా ఉంది. వంటింట్లో లేదు, వాకిట్లో లేదు. సందులో పడి వెతుక్కుంటూ పోయాడు. నాలుగిళ్ల అవతల ఒక అరుగు పక్కన వాకరు కనిపించింది. అరుగు మీద హులిగెమ్మ, నలుగురు ఆడవాళ్ల మధ్య చింతపండు కొట్టి గింజలు తీస్తూ, మూడేళ్ల మాటలన్నీ ఒక్కపూటే మాట్లాడేస్తోంది. తమ్ముణ్ని చూసి కూడా ఆపలేదు.

పెద్దన్న చాలాసేపు నిలబడి, చివరికి అడిగాడు. "తొమ్మిదో నంబరు రూము తయారయిందక్కా. ఎప్పుడు పోదాం?"

"నాకెందుకప్పా?" అంది హులిగెమ్మ. "ఎవురన్నా కదల్లేనోళ్లకు ఇయ్యమను."