ఆయన పట్టుకున్న తాడు చివర నేను

మా అమ్మాయి డాక్టరైపోయిందండీ. సూది వేసే డాక్టరు కాదు, సముద్రం అడుగున పెరిగే పగడాల మీద ఏడేళ్లు చదివి తెచ్చుకున్న డాక్టరేటు. శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ చేసి "నాన్నా, అయిపోయింది, పాసయ్యాను" అంది. నేను సింగపూర్‌లో దిగి అప్పటికి రెండు రోజులే. కాళ్లకు ఎవరి చెప్పులు తగిలించుకున్నానో కూడా చూసుకోలేదు. ఊరి నుంచి తెచ్చిన కాజాల డబ్బా చంకన పెట్టుకుని పక్క బ్లాకుకు పరిగెత్తాను. ఈ పుంగ్గోల్‌లో ఆ కబురు అందరికన్నా ముందు వినవలసిన మనిషి అక్కడ నాలుగో అంతస్తులో ఉంటారు. మేము ఆయన్ని పడవాయన అనేవాళ్లం.

తలుపు ఆయన కొడుకు తీశాడు. నా మొహం చూశాడు, డబ్బా చూశాడు, పక్కకు తప్పుకున్నాడు. గోడ వారన బల్ల మీద పడవాయన ఫోటో ఉంది. దానికి మల్లెదండ, ముందు చిన్న దీపం.

పోయి అయిదు రోజులైందట. గుండెకు నీరు పట్టి రెండు వారాలు ఆస్పత్రిలో ఉన్నారట. అక్కడి నుంచి నేరుగా దహనానికి తీసుకుపోయారు. మాకెందుకు చెప్పలేదని నేను కొంచెం గట్టిగానే అడిగాను. కొడుకు తల దించుకుని, నాన్నే చెప్పొద్దన్నారు అంకుల్, మీ అమ్మాయి పరీక్ష అయ్యేదాకా మీ ఇంట్లో ఎవరికీ తెలియకూడదని నా చేత మాట తీసుకున్నారు, అన్నాడు. నేను ఆ డబ్బా ఫోటో ముందు పెట్టి నేల మీద కూర్చుండిపోయాను. ఇంత సంతోషమూ ఇంత దుఃఖమూ ఒకే గంటలో వస్తే మనిషి ఏం చేయాలో నాకెవరూ నేర్పలేదు.

చదివే మీలో చాలామందికి ఆయన తెలిసి ఉండరు. నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ని, రాయడం వచ్చినవాణ్ని కాను. కానీ ఆయన గురించి నాలుగు ముక్కలు రాయకపోతే తిన్న అన్నం అరగదు.

మాది కడియం. నలభై ఏళ్లకు పైగా నర్సరీల్లో మామిడికి, సపోటాకి, గులాబీకి అంట్లు కట్టాను. పడవాయన ఇక్కడే పుట్టారు. ఆయన తాతలు శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటల్లోకి వచ్చినవాళ్లు. అందుకే ఆయన తెలుగు మన ముత్తాతల తెలుగులా ఉండేది, మధ్యమధ్య అరవం, మలాయ్ మాటలు. ఎవరిదో ఒక తెరచాప పడవను ముప్ఫై ఏళ్లుగా ఆయనే నడిపేవారు. పడవ మొత్తం ఒక్క కుటుంబమే బాడుగకు మాట్లాడుకుంటే, పొద్దున్నే తీసుకుపోయి దక్షిణాన ఉన్న చిన్న దీవుల చుట్టూ తిప్పి, నీళ్లలోకి దింపి చేపల్నీ పగడాల్నీ చూపించి, సాయంత్రానికి ఒడ్డుకు చేర్చేవారు. ఖాళీ రోజుల్లో మా అమ్మాయిని, ఆమె సామాను పెట్టెల్ని ఆమె పనిచేసే చోటికి తీసుకుపోయేవారు.

పోయిన ఏడాది నేను వచ్చినప్పుడు మొదట పరిచయం. బ్లాకు కింద బల్ల దగ్గర సాయంత్రాలు కూర్చునేవాళ్లం. ఒకరోజు నా కడుపులో మాట ఆయనకు చెప్పాను. నేను ఊరికే రాలేదు. మా అన్నయ్య తెలిసినవాళ్ల ద్వారా ఇక్కడే ఒక బ్యాంకులో అమ్మాయికి కంప్యూటరు ఉద్యోగం మాట్లాడాడు. ఏళ్ల తరబడి రాళ్లూ రప్పలూ చూస్తూ కూర్చున్న పిల్లను ఆ చదువు మాన్పించి, ఉద్యోగంలో చేర్పించి వస్తానని మా వాళ్లందరి ముందూ మాట ఇచ్చి విమానం ఎక్కాను. అంతా విని ఆయన గడ్డం గోక్కున్నారు.

"ఆ గుంట ఏటి సేస్తాదో సూసావా?" అన్నారు.

లేదన్నాను. సముద్రంలో ఏం చూస్తాను, ఈత రాదు.

"అయితే సూసి సెప్పు. సూడకుండా సెప్పకు" అని లేచి వెళ్లిపోయారు. మర్నాడు అమ్మాయి వచ్చి, నాన్నా, శనివారం పడవ మనదే, అంకుల్ ఇంకెవరినీ ఎక్కించుకోవడం లేదు, అంది. సరే, ఒడ్డుకు తిరిగొచ్చేటప్పుడు పడవలోనే ఉద్యోగం సంగతి తేల్చేద్దామని నేనూ లోపల ముడి వేసుకున్నాను.

ఆ రోజు గురించి ఎంత చెప్పినా తక్కువే. ఒడ్డు దాటగానే ఓడలు కనిపించాయి. ఎన్నని చెప్పను, ఒక్కొక్కటి మా ఊరి వీధంత పొడుగు, మబ్బు చివరిదాకా వరుస. వాటి మధ్య మా పడవ వడ్లగింజలా ఉంది. పడవాయన ఇంజను ఆపి తెరచాప ఎత్తారు. అది గాలి పోసుకుని పొట్ట ఉబ్బించుకుని నిలబడింది, ఇక చప్పుడన్నది లేదు. ఎవరూ తొయ్యకుండా, ఏదీ మండకుండా అంత బరువు ముందుకు పోతోంది. నేను నోరు తెరుచుకుని ఆ గుడ్డనే చూస్తున్నాను. ఆయన నన్ను చూసి, మూసుకో తమ్ముడూ, ఉప్పుగాలి పళ్లు తినేస్తాది, అన్నారు. గాలి ఎటు నుంచి వస్తోందో ఆయన కళ్లతో చూసేవారు కాదు. చెవి తమ్మె రెండు వేళ్లతో పట్టుకుని ఆలోచించేవారు.

ఒక చిన్న దీవి పక్కన పడవను నీళ్ల మీద తేలే బోయాకు కట్టారు. అమ్మాయి ముందు దూకేసింది. నాకు రబ్బరు చొక్కా తొడిగి, నడుముకు తాడు కట్టి, దాని రెండో కొస తన మణికట్టుకు చుట్టుకుని ఆయన పడవ నిచ్చెన మెట్టు మీద ఛాతీ లోతు నీళ్లలో కూర్చున్నారు. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి. నీళ్లలో చూసే అద్దాలు నా చేతికిచ్చి, లోపలివైపు ఉమ్మేసి, రుద్ది, సముద్రంలో ఒకసారి జాడించుకో, ఆవిరి పట్టదు, అన్నారు.

నేను ససేమిరా అన్నాను. ఎంగిలి కదండీ. మొహానికి పెట్టుకునే వస్తువులో ఎంగిలి, అది మళ్లీ గంగమ్మ తల్లి ఒళ్లో కడగడం. సముద్రానికి కాలు తగలకముందే నీళ్లు నెత్తిన జల్లుకుని తప్పు కాయమనే వంశం మాది. ఆయన చూడకుండా తాగే నీళ్ల సీసాతో అద్దాలు శుభ్రంగా కడిగి, తువ్వాలుతో తళతళా తుడిచి పెట్టుకున్నాను. తల ముంచాను. నోట్లో పెట్టిన గొట్టంతో రెండు ఊపిర్లు తీసుకునేసరికి అంతా తెలుపు. పాలగిన్నెలో మొహం పెట్టినట్టుంది. కాసేపు అలాగే తేలి పైకి వచ్చాను.

అమ్మాయి ఆత్రంగా నా దగ్గరికి ఈదుకుంటూ వచ్చింది. కనిపించాయా నాన్నా, అంది. ఏముందమ్మా, ఏమీ లేదు, అన్నాను. దాని మొహంలో వెలుగు దిగిపోవడం నేను కళ్లారా చూశాను. పర్లేదులే నాన్నా, అని పక్కకు తిరిగింది. మన్నించండి, ఆ క్షణాన నా మనసులో అనుకున్నది కూడా రాసేస్తాను. మంచిదే, ఏమీ లేదని తేలిపోయింది, సాయంత్రం మాట్లాడటం తేలికవుతుంది అనుకున్నాను. అంత గుడ్డివాణ్ని.

పడవాయన తాడు లాగి నన్ను మెట్టు దగ్గరికి చేర్చారు. నా మొహం మీంచి అద్దాలు లాగి పైకెత్తి చూశారు.

"ఏటయ్యా, నీ ఉమ్ము నీకే ఎంగిలేటి?"

నాకేమీ కాదండీ, గంగమ్మకు అపచారం, అన్నాను.

"ఇన్ని సేపలున్నాయి. ఈటిలో ఏదీ ఎప్పుడూ ఉమ్మనేదనుకున్నావా?" అన్నారు. అమ్మాయి నీళ్లలోనే పకపకా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. గొంతు బాగా తగ్గించి నాకు ఒక్కడికే వినపడేలా అన్నారు: "గుంట ఆరేళ్లు తడిసింది తమ్ముడూ. నువ్వొక్క ఉమ్ము ఉమ్మలేవా?"

ఉమ్మాను. రుద్దాను. తల్లీ అనుకుని నీళ్లలో జాడించి పెట్టుకుని తల ముంచాను.

ఏమని చెప్పను. ముందు చెవులకు చప్పుడు తగిలింది. చిటపట, చిటపట, ఎవరో అడుగున మూకుడు పెట్టి ఆవాలు వేయిస్తున్నట్టు. అవి చిన్న చిన్న రొయ్యలు చేసే చప్పుడని తర్వాత తెలిసింది. ఆ తర్వాత కళ్లు కుదురుకున్నాయి. నా కిందనే, చెయ్యి చాస్తే అందుతుందేమో అన్నంత దగ్గర్లో, ఊరు ఊరంతా ఉంది. జంతికల చుట్టలా ఒకటి, కోడిజుట్టు పువ్వులా ఒకటి, తేనెపట్టులా ఒకటి, కాబేజీ ఆకులు విప్పి పరిచినట్టు ఇంకొకటి. వాటి మధ్యలోంచి పసుపు చారల చేపలు బడి వదిలిన పిల్లల్లా పోతున్నాయి. నా మొహం కింద ఇంత ఉండగా ఏమీ లేదని చెప్పాను కదా అని ఆ నీళ్లలోనే ఏడుపొచ్చింది.

అమ్మాయి నా చెయ్యి పట్టుకుని కొంచెం పక్కకు లాగింది. అక్కడ ఇసుక మీద ఇనప జల్లెడల్లాంటి చట్రాలు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. ప్రతి చట్రానికీ వేలెడు వేలెడు పగడం ముక్కలు ప్లాస్టిక్ తాళ్లతో కట్టి ఉన్నాయి. ప్రతిదానికీ పసుపుపచ్చ నంబరు చీటీ. కొత్తగా కట్టినవి బిగుసుకుని, రంగు వెలిసి ఉన్నాయి. పాతవి కండ పట్టి, కట్టిన తాడు కనపడకుండా దాన్ని మింగేసి, చివర్లలో లేత తెల్లటి చిగుళ్లు తొడిగాయి.

ఎవరూ నాకేమీ చెప్పనక్కర్లేదు. విరిగిన కొమ్మ తెచ్చి, మంచి చోట కట్టి, చీటీ వేసి, అది పట్టుకుందో లేదో రోజూ వచ్చి చూసుకోవడం. నలభై ఏళ్లు నా వేళ్లు చేసిన పనే. నా కూతురు సముద్రం అడుగున అంట్లు కడుతోంది. ఆరేళ్లుగా ఫోన్‌లో చెబుతూనే ఉంది. నేనే వినలేదు.

పైకి వచ్చి మెట్టు పట్టుకుని ఆయాసపడుతుంటే ఆయన చేతికి చుట్టిన తాడు నెమ్మదిగా విప్పారు. సముద్రాన్ని పైనుంచి సూసినోడు నీళ్లు సూసాడు, అంతే, అన్నారు. ఆయన మణికట్టు మీద తాడు ఒరుసుకుని ఎర్రగా కమిలింది. అంతసేపూ నన్ను అంత గట్టిగా పట్టుకున్నారు మరి.

అందరి జుట్టూ ఆరేదాకా ఆయన అన్నం పొట్లం విప్పేవారు కాదు. అది ఆయన పద్ధతి. నీళ్లలోంచి ఆఖరి మనిషి వచ్చాడా, వణుకు తగ్గిందా చూసుకుని, అప్పుడు "మకాన్, మకాన్" అని మలాయ్‌లో తినడానికి పిలిచి ముందు వాళ్లకు పెట్టి చివర తను తినేవారు. తిన్నాక కాగితం, విస్తరి, రబ్బరు బ్యాండు సైతం ఏరి సంచిలో వేసుకునేవారు.

తిరుగు ప్రయాణంలో చుక్కాని దగ్గర కూర్చుని నన్ను ఓరకంట చూస్తూ, ఏదో అడగాలన్నావు, ఇప్పుడడుగు, అన్నారు. అడిగాను. వేళ్లు ఎన్నాళ్లకు పట్టుకుంటాయమ్మా, అని అమ్మాయిని అడిగాను. వేళ్లుండవు నాన్నా, అవి మొక్కలు కాదు, జంతువులు, అంది. జంతువులా అని నేను నోరెళ్లబెట్టాను. ఇక అది ఆగలేదు. ఏ కాలంలో కట్టాలి, ఎండ ఎక్కువైతే ఏమవుతుంది, ఏ ముక్క చస్తుంది, ఏది బతుకుతుంది, ఒడ్డు చేరేదాకా చెబుతూనే ఉంది. పనివాడు పనివాడితో మాట్లాడినట్టు మాట్లాడింది. బ్యాంకు ఊసు నేను ఎత్తలేదు. పడవాయన మాత్రం చెవి తమ్మె పట్టుకుని, గాలి బాగా తిరిగింది తమ్ముడూ, అన్నారు.

ఇప్పుడు ఈ కబురు చెప్పవలసిన వాళ్లను చీటీ మీద రాసుకుంటున్నాను.

ముందు మా ఆవిడ. మోకాళ్ల నొప్పులతో ప్రయాణం చెయ్యలేక ఊళ్లో ఉండిపోయింది. పాసైన సంగతి తెలుసు, పడవాయన సంగతి తెలియదు. మా అన్నయ్య. ఉద్యోగం అక్కర్లేదని పోయిన ఏడాదే చెప్పాను, ఎందుకక్కర్లేదో ఇప్పుడు చెప్పాలి. రాళ్ల చదువని పదిమందిలో నవ్విన రాజమండ్రి బావ. ఆయనకు ఫోన్‌లో కాదు, ఎదురుగా కూర్చుని చెప్పాలి. మా పిన్ని, ఆవిడ కొడుకులిద్దరూ.

చివరగా మా చుట్టం కాని ఒకావిడ. పడవాయన అక్కగారు. తొంభై దాటిన ఆవిడ ఇక్కడే వుడ్‌ల్యాండ్స్‌లో మనవరాలి దగ్గర ఉంటారు. పెద్దతనంలో ఇంగ్లీషు పోయింది, మలాయ్ పోయింది, చిన్నప్పటి తెలుగు ఒక్కటే మిగిలింది. కొడుక్కి తెలుగు అంతంత మాత్రం. శుక్రవారం నేను లేచి వస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "అంకుల్, అత్తకి ఇంకా చెప్పలేదు, నాకు ఆ మాటలు రావు, మీరు చెప్తారా?" అన్నాడు. తమ్ముడు పడవ మీద ఉన్నాడని, గాలి అనుకూలిస్తే వస్తాడని ఆవిడ రోజూ అడిగినవాళ్లకల్లా చెబుతున్నారట.

ఆదివారం నేనూ అమ్మాయీ రైలెక్కి వెళ్తాం. ఆ గుమ్మంలో అమ్మాయిని నాకన్నా ముందు నిలబెడతాను. అమ్మా, ఈ పిల్ల గెలిచింది, మీ తమ్ముడే తీసుకుపోయి తీసుకొచ్చేవారు, అని అది ముందు చెబుతాను. ఆవిడ సంతోషించడం అయ్యేదాకా ఆగుతాను.