ఈ పాట అడిగినవారు అరుణకుమారి గారు

ఖుద్దూస్ బావ గొప్ప గాయకుడని నేను అబద్ధం చెప్పను. పై స్థాయికి వెళ్తే గొంతు చీలేది. మా ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవాణ్ణి కాబట్టి శ్రుతి కాస్త దించి నేనే కప్పెట్టుకొచ్చేవాణ్ణి. అయినా బందరు నుంచి గుడివాడ దాకా పెళ్ళన్నా, వినాయకుడి పందిరన్నా, ఉరుసన్నా, క్రిస్మసన్నా జనానికి ఆయనే కావాలి. నిన్న వచ్చిన హిట్టు పాట ఇవాళ సాయంత్రానికి ఆయన నోట్లో ఉండేది.

జనం ఆయన్ని అంటిపెట్టుకోవడానికి అసలు కారణం వేరే ఉంది. పాట ఎత్తుకునే ముందు, అడిగినవాళ్ళ పేరూ ఊరూ మైకులో చెప్పేవాడు. "ఈ పాట అడిగినవారు, పెదపారుపూడి నుంచి యలమంద గారు!" ఆ యలమంద గారు పెళ్ళి వంటలో గరిటె తిప్పే మనిషి కావచ్చు. ఆ కాసేపూ పెళ్ళికొడుకు కంటే ఆయనే ఎక్కువ. ఈ అలవాటు అన్ని ఆర్కెస్ట్రాలకీ ఉంది, కానీ మిగతావాళ్ళు పెద్దమనుషుల పేర్లే చదువుతారు. "పేరు చెప్పకుండా పాడటమంటే, అన్నం పెట్టినామె మొహం చూడకుండా తిని లేచిపోవడమే బెంజమినూ" అనేవాడు బావ. నేను నవ్వేవాణ్ణి.

అరుణకుమారి గారు అవనిగడ్డలో ఒక ప్రభుత్వాఫీసులో టైపిస్టు. భర్త పోతే ఆయన ఉద్యోగం ఈవిడకిచ్చారు. ఆఫీసులో ఎవరు రిటైరైనా పట్టుబట్టి మా ఆర్కెస్ట్రానే పెట్టించేది. ముందు వరసలో కూర్చుని కళ్ళు మూసుకుని వినేది. ఆయన పోయాక మళ్ళీ నవ్వడం ఖుద్దూస్ గారి పాటల దగ్గరే నేర్చుకున్నానని బావ భార్య నూర్ బీతో ఒకసారి చెప్పిందట. బావ ఆవిణ్ణి చెల్లెమ్మా అని పిలిచేవాడు. రంజాన్ కి సేమ్యా పట్టుకుని బస్సెక్కి అవనిగడ్డ వెళ్ళొచ్చేవాడు.

నిరుడు వానలకి ముందు ఆవిడ చేత ఒక రిపోర్టు టైపు చేయించారు. దివిసీమలో సముద్రం వైపు కట్ట ఒకచోట లోపల గుల్లైపోయింది, గట్టి తుఫానొస్తే ఆగదు, వెనకున్న పల్లెలు మునుగుతాయి అని అందులో ఉంది. ఇది రహస్యం, జనం బెదిరిపోతారు, బయటికి పొక్కకూడదు అని పైనుంచి ఆజ్ఞ. ఉప్పెనలో మనుషుల్ని పోగొట్టుకున్న ఊళ్ళకి ఇది రహస్యమట! కడుపు మండదా?

ఆవిడకీ మండింది. ఆ కాగితాల ఫొటోలు ఫోన్లో పెట్టుకుని బందరు వచ్చింది.

"పేపర్లో వస్తే చదివి పొట్లం కట్టుకుంటారండీ. అదే మీరు పాడితే ఊళ్ళన్నీ పాడతాయి. నా పేరు మాత్రం రానివ్వకండి అన్నయ్యగారూ. ఈ ఉద్యోగం పోతే పిల్లాడి చదువు ఆగిపోతుంది. మాకింకో ఆధారం లేదు."

"అల్లా మీద ఒట్టమ్మా, రాదు" అన్నాడు బావ.

అప్పుడు ఊరూవాడా ఊగిపోతున్న ఒక సినిమా పాట బాణీలో మాటలు కట్టాడు. "కట్ట కాదు తమ్ముడూ, కాగితాల గట్టు, గట్టి గాలి వీస్తే బయటపడును గుట్టు" అని ఎత్తుగడ. రిపోర్టులో మాటలే చరణాల్లో కూర్చాడు. నేను ట్రాక్ వాయించి ఫోన్లో పంపించి గుడివాడలో పెళ్ళికి వెళ్ళిపోయాను. బావ ఇంట్లో ఒక్కడే కూర్చుని పాడి, కాగితాల ఫొటోలు జతచేసి యూట్యూబులో పెట్టేశాడు.

పెళ్ళి భోజనాల దగ్గర ఎవరో కుర్రాళ్ళు ఫోన్లో వింటుంటే నా చెవిన పడింది. మొదటి మాట వినగానే నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఈ పాట అడిగినవారు, అవనిగడ్డ నుంచి అరుణకుమారి గారు!"

కావాలని అన్లేదు. మైకు ముందు కూర్చుంటే ఆయన నోరు ఆ మాట దానంతటదే అనేస్తుంది, గొంతు సవరించుకున్నట్టు. తర్వాత రెండుసార్లు విని చూసుకున్నాడట. శ్రుతి చూసుకున్నాడు, మాటలు చూసుకున్నాడు. ఆ ఒక్క ముక్క ఆయన చెవికి ఆనలేదు.

నేను ఫోన్ చేశాను. మొదటి ముక్క ఒకసారి విను బావా అన్నాను. తర్వాత "యా అల్లా" అన్నాడు, అంతే. వెంటనే తీసేశాడు గానీ అప్పటికే పాట చెయ్యిదాటిపోయింది. కట్ట మీదే నిలబడి డాన్సులాడి రీల్సు చేశారు మనవాళ్ళు, బుద్ధిమంతులు! ఒక టీవీలో దేశద్రోహం అన్నారు, ఇంకో టీవీలో ప్రజాకవి అన్నారు. మధ్యమధ్యలో ఇద్దరూ వేసుకున్నది ఆ పాటే. జనానికి చరణాల కంటే ఆ మొదటి ముక్క తెగ నచ్చేసింది. టీకొట్టులో టీ అడగాలన్నా "ఈ టీ అడిగినవారు అరుణకుమారి గారు" అని ఒకటే వేళాకోళం. పేరు కోసేసి పెట్టుకోండి నాయనా అని బావ ముక్కూమొహం తెలియనివాళ్ళని కూడా బతిమాలాడు. ఎవడు వింటాడు?

లీకు చేసిందెవరో ప్రభుత్వం వెతకాల్సిన పనే లేకపోయింది. ఆవిణ్ణి సస్పెండ్ చేశారు.

బావ తిన్నగా పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి, ఆవిడ మా ఇంట్లో ఫోను ఛార్జింగ్ పెడితే నేనే దొంగతనంగా ఫొటోలు లాక్కున్నాను, ఆవిడకేం తెలియదు అని రాసిచ్చాడు. ఆవిడ అవునని సంతకం పెడితే చాలు, మందలించి ఉద్యోగంలోకి తీసుకుంటారని ఆఫీసువాళ్ళే అన్నారు. ఆ రోజు బావ మొహంలో కాస్త వెలుగు చూశాను.

ఆవిడ సంతకం పెట్టలేదు. నేనే తెలిసి ఇచ్చాను అని చెప్పేసింది. ఉద్యోగం పోయింది.

ఇద్దరం అవనిగడ్డ వెళ్ళాం. గుమ్మంలోనే బావ ఏడ్చేశాడు. "ఒక్క సంతకం పెడితే నీ ఉద్యోగం ఉండేది కదమ్మా!"

"మిమ్మల్ని దొంగని చేసి నేను జీతం తినమంటారా? మీ పేరు పట్టుకుని టీవీల్లో ఏమేం కూస్తున్నారో వినడం లేదా? మీరు లోపలికెళ్తే మళ్ళీ బయటికి రానిచ్చేవాళ్ళా?" అంది ఆవిడ. మాకు కుర్చీలు వేసింది, మంచినీళ్ళిచ్చింది. కోప్పడితే బాగుండునని నాకనిపించింది.

బావ మళ్ళీ ఏదో చెప్పబోయాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"వీధిలో పిల్లలు నన్ను చూస్తే ఆ ముక్కే అంటున్నారండీ, అచ్చం మీలాగే. మీ గొంతంటే నాకు ప్రాణం అన్నయ్యగారూ. ఇప్పుడు ఆ గొంతు వింటుంటే ఒళ్ళు వణుకుతోంది. ఏమనుకోకండి, నా దగ్గర ఇంకేం మాట్లాడకండి."

బావ తలూపాడు. మాట్లాడకుండానే దణ్ణం పెట్టి మెట్లు దిగాడు.

కట్ట ఇంకా గుల్లగానే ఉంది. బావ ఇప్పుడు పెడనలో కలంకారీ షెడ్డులో బట్టలు ఉతికే పనికి వెళ్తున్నాడు. ఎన్ని పెళ్ళిళ్ళవాళ్ళు వచ్చి అడిగినా లేదని తలాడిస్తాడు. మొన్న వాళ్ళింటికి వెళ్ళాను. మనవరాలు షిఫా నిద్రకి ఏడుస్తోంది. ఉయ్యాల తాడు బావ చేతిలో ఉంది. జోల మాత్రం వంటింట్లోంచి నూర్ బీ పాడుతోంది, పాపం ఆవిడకి రాగం రాదు.