సెల్లారులో మా ప్లగ్గు

తాడేపల్లిగూడెంలో మా అపార్ట్‌మెంటు సెల్లారు కార్ల కోసం కట్టారంటే నేను నమ్మను. అది ఫంక్షన్ హాలు. ఓణీల వేడుకైనా, ప్రార్థన కూటమైనా, ముందుగా మా తలుపే కొడతారు. "టీచరుగారూ, కారు కాస్త రోడ్డు మీద పెట్టుకుంటారా అండీ?" మొహమాటానికి ప్రతిసారీ పెట్టేదాన్ని.

మా వారికి రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడు రోజులు, పొద్దున్న ఏడింటికల్లా ఏలూరులో డయాలసిస్. ఆ తిరుగుడు కోసమే కరెంటు కారు కొన్నాం. మా మీటరు నుంచి లైను లాగించి, సెల్లారులో మా స్తంభానికి పదహారు ఆంపుల ప్లగ్గు పెట్టించాను. రాత్రంతా ఛార్జింగ్ పెడితేగాని బ్యాటరీ నిండదు.

ఆ ఆదివారం సాయంత్రం మా చర్చి సంఘం వాళ్ళు ఆయన ఆరోగ్యం కోసమే ప్రార్థన కూటం పెట్టారు. ఇల్లు చాలదని సెల్లారులో పెట్టారు. పాస్టరుగారిని గణపవరం నుంచి తెచ్చిందీ, తిరిగి దింపిందీ నేనే, మా కారులోనే. దింపి వచ్చేసరికి మా ప్లగ్గుకి ఎయిర్ కూలర్ తగిలించి ఉంది. కారు పెట్టే చోట అద్దెకి తెచ్చిన సప్లయి కంపెనీ కుర్చీలు, బిర్యానీ గిన్నెలు కప్పుదాకా పేర్చేశారు.

"పొద్దున్నే బండొచ్చి పట్టుకెళ్ళిపోద్దండీ. ఈ ఒక్క రాత్రికీ సర్దుకోండమ్మా," అన్నారు సంఘపెద్ద.

నా భర్త కోసం కన్నీళ్ళు పెట్టుకున్న మనుషులతో కుర్చీల గురించి ఎలా పోట్లాడను? దారిలో హైవే మీద అరగంట ఛార్జింగ్ పెట్టుకుంటే చాలులే అనుకుని, సరేనండీ అన్నాను. ఆ మాట అన్నందుకు ఈ రోజుకీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

తెల్లారి బ్యాటరీ పదకొండు శాతం. హైవే స్టేషన్‌లో ఒక్క ఛార్జరే పనిచేస్తోంది, మాకు ముందు రెండు కార్లు. ఏలూరు చేరేసరికి తొమ్మిది.

"పదకొండింటికి ఇంకొకరున్నారండీ. మీకు రెండు గంటలే వస్తాది," అన్నాడు డయాలసిస్ టెక్నీషియన్. నాలుగు గంటలు చేయాల్సింది.

ఒంట్లో నీరు చాలావరకు అలాగే మిగిలిపోయింది. ఇంటికొచ్చాక ఆయన పడుకోలేక, మంచం అంచున కూర్చుని ఊపిరి అందక ఆయాసపడ్డారు. మధ్యలో, "వాళ్ళు మన మంచికే చేశారు కదే," అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మంచికి చేశారో చెడ్డకి చేశారో ఆయన ఊపిరితిత్తులకి తెలుస్తుందా?

సాయంత్రం సంఘపెద్ద ఫోన్ చేశారు. "కూటం తరవాత ఎలా ఉందండీ ఆయనకి?"

"మీ కుర్చీల వల్ల డయాలసిస్ సగమే జరిగిందండీ. ఊపిరాడట్లేదు."

పెద్దాయన ఎంతో జాలిగా, "అయ్యో. అయితే వచ్చే ఆదివారం ఇంకో కూటం పెట్టుకుందామండీ," అన్నారు.

"పెట్టుకోండి. మీ ఇంట్లో పెట్టుకోండి. నా ప్లగ్గు దగ్గర ఒక్క కుర్చీ కనబడినా రోడ్డు మీదకి విసిరేస్తాను."

సంఘపెద్ద చాలా నొచ్చుకున్నారని సంఘంలో చెప్పుకుంటున్నారు. చెప్పుకోనీ.