మరిది వాకిట్లో మా బతుకమ్మ

నా భర్త పోయిన మూడో నెలలోనే మా మరిది జమ్మికుంటలోని మా ఇంటికి తాళం వేసి, నా బట్టల మూట వాకిట్లోకి విసిరేశాడు. గల్లీ ఆడవాళ్లంతా తలుపుల దగ్గర నిలబడి చూశారు. ఒక్కరూ నోరు విప్పలేదు. కరీంనగర్‌లో ఇల్లు లేని ఆడవాళ్ల కోసం నడిపే షెల్టర్‌లో నాకు చోటు దొరికింది.

సద్దుల బతుకమ్మ నాడు షెల్టర్ ఆడవాళ్లం గునుగు, తంగేడు తెచ్చి బతుకమ్మను పేర్చి, పైన పసుపు గౌరమ్మను పెట్టాం. "యాడ ఆడుదాం?" అని అడిగింది మా వార్డెన్ లక్ష్మక్క.

"మా మరిది వాకిట్ల," అన్నాను. ఆమె నవ్వి రెండు ఆటోలు మాట్లాడింది.

అక్కడ బతుకమ్మను దించి ఆడుతుంటే గల్లీ ఆడవాళ్లూ వచ్చి కలిశారు. పాట నేనే ఎత్తుకున్నాను.

"అన్న సచ్చిన ఇంట్ల ఉయ్యాలో, వదినె మూట ఇసిరె ఉయ్యాలో!"

బతుకమ్మ పాట ఒకరు చెబితే అందరూ తిరిగి పాడాలి. ఆనాడు మూసుకున్న నోళ్లన్నీ పాడాయి.

మరిది ఉరికొచ్చాడు. "వదినే, బంజెయ్! నా ఇజ్జత్ పోతుంది!"

లక్ష్మక్క వాడి కాళ్ల వైపు చూసింది. "గౌరమ్మ ముంగట చెప్పులతోని వస్తవా?"

గల్లీ అంతా చూస్తుండగా వాడు చెప్పులు విడిచి, పాట అయ్యేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆ ఇల్లు ఇంకా వాడి చేతిలోనే ఉంది, కేసు నడుస్తోంది. క్షమించమని చాలామంది చెబుతున్నారు. నేను మాత్రం ఈ ఏటి బతుకమ్మకు ఇంకో నాలుగు చరణాలు కట్టి పెట్టుకున్నాను.