రాబియా లక్క వేసిన సీసాలు

సముద్రం లేని హైదరాబాదులో సముద్రాన్ని పరిశోధించే ఆఫీసొకటి ఉండేది. అందులో నేను అటెండర్ని. యాకుత్‌పురాలో మా గల్లీవాళ్లు "కొండల్ అన్నా, ఇయ్యాల అలలు మంచిగున్నయా?" అని ఆటపట్టించేవారు. పక్కింటి రాబియా మాత్రం నవ్వేది కాదు. ఆమె లక్కగాజులు చేసేది. బోట్ల ఇంజన్లు బాగుచేసే ఆమె మొగుడు మహబూబ్ 1971 మార్చిలో కాకినాడ దగ్గర బోటు మీంచి సముద్రంలో పడ్డాడు. శవం దొరకలేదు.

"నా కొడుకు బతికే ఉన్నడు, గాజులు తీయొద్దు" అని అత్త ఇక్బాలున్నీసా రోజూ లొల్లి. పాపం, తల్లి మనసు! ఒకరోజు రాబియా నన్నే అడిగింది. "అన్నా, నేను సుహాగన్‌నా, మొగుడు పోయిన బేవానా? మట్టి చేసిన జాగా ఉంటే పోయి ఫాతెహా చదివి ఏడ్వనన్నా ఏడుస్త. గదీ లేకపాయె."

మా ఆఫీసరు విశ్వేశ్వర్ గారిది సముద్రపు సుళ్ల చదువు. తీరం దగ్గర సముద్రం అడుగు కొంతదూరం అరుగులా ఉండి, అంచు దాటగానే పాతాళానికి దిగుతుందట. ఆ అరుగు మీద మైళ్ల వెడల్పున నీళ్లు మెల్లగా సుడి తిరుగుతాయట. సుడి అరుగు మీదే ఉంటే అందులో పడ్డది తిరిగి తిరిగి ఒడ్డుకొస్తుంది. అంచు దాటిందా, ఇక అంతే సంగతులు. ఏది జరుగుతుందో తెలియాలంటే సీసాల్లో కార్డులు పెట్టి వదలాలి. దొరికినవాళ్లు సీసా పగలగొట్టి, కార్డు మీద చోటు, తేదీ రాసి పోస్టులో వేయాలి.

సీసా మూతులకు లక్క వేసే పని నేనే రాబియాకు ఇప్పించాను. మహబూబ్ పడ్డ చోటే, మళ్లీ మార్చిలోనే వదలమని సారును బతిమాలాను. ఒప్పుకున్నారు, మహానుభావుడు. కార్డులు ఏ ఊళ్ల నుంచి వస్తే ఆ ఊళ్లన్నీ గాలించాలని రాబియా మరిది అజ్మత్ అలీ, నేను అనుకున్నాం.

లక్క పూసి ఊరుకుంటాయా ఆ చేతులు? ప్రతి సీసా మెడకూ గాజులకు అద్దినట్టే అద్దంముక్కలు అద్దింది. "ఎండకు మెరుస్తయి అన్నా, దూరంకెల్లే కనబడ్తయి" అంది. "మస్తుగున్నయి చెల్లె!" అన్నాను. నా నోరు పడిపోను!

రెండు వందల సీసాలు వదిలారు. ఏడాది చూసినా ఒక్క కార్డూ రాలేదు. సుడి అంచు దాటిపోయిందని సారు రిపోర్టు రాశారు. ఆ మాట రాబియా ఇంటికి మోసుకెళ్లింది నేనే. నడిసముద్రంలోకి పోయినవాడి కోసం ఏ ఊరు వెతుకుతారు? అజ్మత్ అలీ ప్రయాణం మానుకున్నాడు. రాబియా గాజులు పగలగొట్టుకుంది. ఈసారి అత్త అడ్డుపడలేదు.

1978లో సారు వెంట సామాన్లు మోస్తూ మొదటిసారి ఆ తీరానికి వెళ్లాను. ఏరు దాటితే గాని చేరలేని జాలర్ల పల్లె అది. ఏ ఇంటి గూట్లో చూసినా మా సీసాలే! మెడలో అద్దాలతో, లోపల కార్డులతో, చెక్కుచెదరకుండా ఉన్నాయి. వరమ్మ అనే ముసలామెను అడిగాను.

"ఆ ఏడు ఒడ్డంతా ఇవే కొట్టుకొచ్చాయి బాబూ. ఇంత ముచ్చటైనవి పగలగొట్టడానికి చేతులెలా వస్తాయి?" అంది.

"అంతకు ముందేడు మనిషెవరైనా కొట్టుకొచ్చాడా అమ్మా?" అన్నాను.

"వచ్చాడు. మెళ్లో తాయెత్తు, జేబులో చిన్న పానా. సాయిబుల బిడ్డని కాల్చకుండా దిబ్బ మీద పూడ్చి రాయి పెట్టాం. ఎవరైనా వస్తారేమోనని నాలుగేళ్లు చూశాం. తర్వాత తుపానుకి ఆ దిబ్బే లేకుండా పోయింది."

తిరిగొచ్చి రాబియాకు అంతా చెప్పాను. అద్దంముక్కల మాట ఒక్కటే దాచాను. అది చెప్పే ధైర్యం నాకు లేదు, ఇప్పటికీ లేదు.

ఆమె ఏడవలేదు.

"నాలుగేండ్లు రాయి ఉన్నదా అన్నా?"

"ఉన్నదట చెల్లె."

"మరి మనమెందుకు పోలే?"